మోడ్ బటన్ నొక్కితే గేరుబాక్స్ ఏం చేస్తుంది?

ప్రశ్న: ఈమధ్యే ఆటోమేటిక్ కారు కొన్నాం. ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ బాక్స్. ఎప్పుడూ పెట్రోల్ పొదుపు చేసే ఎకో మోడ్‌లోనే నడుపుతాను. కరీంనగర్ వెళ్తూ హుజూరాబాద్ దాటాక గ్రానైట్ లారీని ఓవర్‌టేక్ చేద్దామని యాక్సిలరేటర్ తొక్కితే, బండి వెంటనే అందుకోదు. స్పోర్ట్ మోడ్‌లో పెడితే ఇంజిన్ అరుస్తుంది, గేరుబాక్స్ పాడవుతుందేమోనని టెన్షన్. మొన్న ఆదిలాబాద్ నుంచి వస్తూ మహబూబ్ ఘాట్ దిగుతుంటే బ్రేకుల దగ్గర కాలిన వాసన వచ్చింది. దిగుడులో న్యూట్రల్ వేస్తే పెట్రోల్ మిగులుతుందని మావారు అంటారు. నిజమేనా?
- ఒక ఉపాధ్యాయురాలు, హనుమకొండ

జవాబు: చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతానమ్మా. మిగతావి పికప్ గొడవలు, ఇది ప్రాణాల సంగతి. ఘాట్‌లో న్యూట్రల్ వద్దే వద్దు. మీవారిది కార్బురేటర్ బండ్ల కాలం నాటి లెక్క. ఇప్పటి ఇంజిన్లలో బండి గేరులో ఉండగా యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి, కంప్యూటర్ పెట్రోల్ ఆపేస్తుంది. న్యూట్రల్‌లో మాత్రం ఇంజిన్ ఆగిపోకుండా ఉండాలంటే కొంత పెట్రోల్ తాగాల్సిందే. మిగిలేదేమీ లేదు, పైగా బండి వేగాన్ని అదుపులో ఉంచే ఇంజిన్ పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది.

మీరు న్యూట్రల్ వేయకపోయినా వాసన ఎందుకొచ్చిందంటారా? ‘డి’ (డ్రైవ్)లో, అందులోనూ ఎకోలో, కాలు తీయగానే బాక్స్ పై గేరులోకి పోతుంది. పై గేరులో ఇంజిన్ పట్టు నామమాత్రం. మీరు బ్రేకు నొక్కిపట్టి దిగి ఉంటారు, ప్యాడ్లు వేడెక్కాయి. ఇంకా వేడెక్కితే పెడల్ తొక్కినా బండి ఆగదు. ఈసారి దిగుడు మొదలవకముందే లివర్‌ను గేరు మనమే ఎంచుకునే ‘ఎం’ (మాన్యువల్)లోకి మార్చి 3 వేయండి, మలుపులు ఎక్కువైతే 2. బ్రేకు గట్టిగా నొక్కి వదలండి, నొక్కిపట్టి ఉంచొద్దు. కొన్ని కార్లలో దిగుడును పసిగట్టి బాక్సే గేరు దించుతుంది కానీ, నేనైతే దాన్ని నమ్ముకుని కూర్చోను.

ఇక లారీ సంగతి. మోడ్ బటన్ ఇంజిన్‌కు కొత్త బలం ఇవ్వదు. కాలు ఎంత తొక్కితే ఎంత స్పందించాలి, గేరు ఎప్పుడు మార్చాలి అన్న లెక్కలే మారతాయి. ఎకోలో బాక్స్ వీలైనంత త్వరగా పై గేరుకు పోతుంది. ఇంజిన్ బలాన్ని నూనె ద్వారా గేరుబాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్‌లో, రెండింటినీ నేరుగా కలిపి పట్టే లాకప్ క్లచ్ అని ఒకటి ఉంటుంది. అది పడితే నూనెలో జారుడు ఉండదు, మైలేజీ పెరుగుతుంది. ఎకో దాన్ని కూడా తొందరగా వేసేస్తుంది. అలా నింపాదిగా పోతుండగా మీరు ఒక్కసారి తొక్కితే, లాకప్ విడవాలి, రెండు మూడు గేర్లు దిగాలి, ఇంజిన్ వేగం అందుకోవాలి. మీకు ఆలస్యం అనిపించేది ఈ తతంగమే. పెడల్ చివరిదాకా తొక్కితే ఏ మోడ్‌లోనైనా గేర్లు దిగుతాయి. మీరు సగమే తొక్కి ఆగుతున్నారేమో చూసుకోండి.

స్పోర్ట్‌లో బాక్స్ ముందు నుంచే కింది గేరు పట్టుకుని ఉంటుంది కాబట్టి ఆ ఆలస్యం తగ్గుతుంది. అరుపు ఆ కింది గేరుదే, జబ్బేమీ కాదు. హద్దు దాటి తిరగకుండా ఇంజిన్‌ను కంప్యూటరే ఆపుతుంది. లారీ వెనుక ఉండగానే స్పోర్ట్ నొక్కండి, ఎదర ఖాళీ చూసుకుని దాటండి, మళ్లీ ఎకోకు రండి. పెట్రోల్ కాస్త ఎక్కువ తాగుతుంది, అంతే. హనుమకొండ చౌరస్తా రద్దీలో, వాన పడి జారుతున్న రోడ్డు మీద మాత్రం స్పోర్ట్ వద్దు, కాలు కాస్త కదిలినా బండి ముందుకు దూకుతుంది.

మీ టెన్షన్ పెట్టాల్సిన చోటు వేరే ఉంది. మా షెడ్డుకు వచ్చేవాళ్లలో చాలామంది రివర్స్ చేస్తూ బండి పూర్తిగా ఆగకముందే ‘డి’ వేస్తారు. బాక్స్‌ను తినేది ఆ అలవాటు. రెండోది గేరుబాక్స్ ఆయిల్. ఎప్పుడు మార్చాలో మీ కారు పుస్తకంలో ఉంటుంది, అందులో చెప్పిన రకమే పోయించండి. బ్రేకు ప్యాడ్లు కూడా ఈ వారమే విప్పించి చూపించండి.