చెవి, నోరు, రెప్పపాటు

సందేహం: టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి పదవీ విరమణ చేశాను. పాత అనలాగ్ ఎక్స్ఛేంజీలు ఒకదానికొకటి కబురు ఎలా పంపుకునేవో తెలుగులో రాస్తున్నాను. వాటిని కలిపే ట్రంకు లైన్లలో ఇ, ఎం అనే తీగల మీద కబురు పంపే ‘ఇ అండ్ ఎం సిగ్నలింగ్’ అనే పద్ధతి ఉంది. శిక్షణలో మాకు ఇ అంటే ఇయర్, ఎం అంటే మౌత్ అని చెప్పారు. అందుకని ‘చెవి–నోరు సంజ్ఞలు’ అని రాశాను. అంకెలు పంపే పద్ధతుల్లో ఒకటైన ‘వింక్ స్టార్ట్’ను ‘కన్నుగీటు ఆరంభం’ అన్నాను. ఇవి చదివి ఒక మిత్రుడు నవ్వారు. నేను రాసింది తప్పా?

సమాధానం: మీరు చేస్తున్న పని ఎంతో అవసరమైనది. ఆ యంత్రాల మధ్య బతికినవారే వాటి గురించి తెలుగులో రాయాలి. అయితే ‘చెవి–నోరు’ను పేరుగా పెట్టవద్దని నా సలహా.

ఇ, ఎం అంటే ఇయర్, మౌత్ అని కొందరు, ఎర్త్, మాగ్నెటో అని మరికొందరు చెబుతారు. రిసీవ్‌లోని ఇ, ట్రాన్స్‌మిట్‌లోని ఎం అనేవారూ ఉన్నారు. ఒకే పేరుకు ఇన్ని పుట్టుకలు వినిపిస్తున్నాయంటే, అక్షరాలు ముందు పుట్టాయని, అర్థాలు తర్వాత వచ్చి చేరాయని అనుమానించాలి. బడిలో ‘యమాతారాజభానసలగం’ నేర్చుకున్నాం కదా! య గణం మరిచిపోతే ‘యమాతా’ అనుకుని లఘువు, గురువు, గురువు అని తేల్చుకుంటాం తప్ప ఆ మాటకు అర్థం వెతకం. ఇయర్, మౌత్ కూడా అలా జ్ఞాపకానికి పనికివచ్చే మాటలే.

అక్షరాలే పేరైనప్పుడు ఏం చేయాలో మన వ్యాకరణం ఎప్పుడో చూపింది. అచ్చు, హల్లు అనేవి పాణిని వాడిన అచ్, హల్ అనే ప్రత్యాహారాలు. అక్షరాల వరుసలోని కొసలను కలిపి కట్టిన పొట్టి పేర్లవి. మనవాళ్లు వాటిని అనువదించలేదు, చివర ఉకారం చేర్చి సొంతం చేసుకున్నారు. మీరూ ‘ఇ తీగ’, ‘ఎం తీగ’ అని రాయండి.

ఇంతకన్నా బలమైన కారణం ఇంకొకటి ఉంది. ఈ తీగల్లో మాట ప్రయాణించదు. మాటకు వేరే తీగలున్నాయి. లైను పట్టుకున్నాం (అంటే ఈ కాల్ కోసం తీసుకున్నాం), అవతల ఫోను ఎత్తారు, పెట్టేశారు అనే కబుర్లూ, ఒక్కోసారి డయల్ చేసిన అంకెల పల్సులూ మాత్రమే వీటి మీద నడుస్తాయి. ‘చెవి తీగ’ అని రాస్తే కొత్తగా చదివే పిల్లవాడు అందులో గొంతు వినిపిస్తుందనే అనుకుంటాడు. పాఠం మధ్యలో మాత్రం ‘ఈ ఎక్స్ఛేంజీ ఎం తీగ మీద చెప్పింది ఆ ఎక్స్ఛేంజీకి ఇ తీగ మీద చెవిన పడుతుంది’ అని తప్పకుండా చెప్పండి. ‘చెవిన పడటం’ మన నుడికారమే.

ఇక ‘సంజ్ఞ’. వ్యాకరణంలో సంజ్ఞ అంటే పేరు. బాలవ్యాకరణం సంజ్ఞా పరిచ్ఛేదంతోనే మొదలవుతుంది. వాడుకలో అది సైగ. ‘సంకేతం’లో మాత్రం ముందే కుదుర్చుకున్న ఒప్పందం ఉంది. నాయికానాయకులు కలుసుకోవాలని అనుకున్న చోటును కావ్యాల్లో సంకేత స్థలం అన్నది అందుకే. మీ విషయానికి ఆ అర్థమే కావాలి. ఇ అండ్ ఎంలో కొన్ని రకాలున్నాయి కదా, ఒకటో రకం పద్ధతిలో ఎం తీగ ఎర్త్‌కు కలిసి ఉంటే లైను ఖాళీగా ఉన్నట్టు, మైనస్ 48 వోల్టుల బ్యాటరీకి కలిస్తే లైను పట్టుకున్నట్టు. ఐదో రకంలో అదే తీగ దేనికీ కలవకుండా ఉంటే ఖాళీ, ఎర్త్‌కు కలిస్తే పట్టుకున్నట్టు. ఒకే ఎర్త్‌కు రెండు చోట్ల రెండు విరుద్ధమైన అర్థాలు! ఆ అర్థం వోల్టేజీలో లేదు, ఒప్పందంలో ఉంది. కాబట్టి ‘సంకేతాలు’ అనండి.

మీరు అడగలేదు కాని, ‘ఆన్ హుక్’, ‘ఆఫ్ హుక్’ మాటల్లోని కొక్కేన్ని తెలుగులోకి తేనక్కర్లేదు. ఫోను ఎత్తడం, పెట్టేయడం మన నోట ఎప్పుడో స్థిరపడ్డాయి. ఆఫ్ హుక్‌ను ‘ఎత్తిన స్థితి’, ఆన్ హుక్‌ను ‘పెట్టిన స్థితి’ అంటే చాలు.

‘వింక్’ సంగతి వేరు. అక్కడ ఇంగ్లీషు పేరులోనే పోలిక ఉంది, అనువదిస్తేనే అందం. లైను పట్టుకున్న కబురు అందాక, అవతలి ఎక్స్ఛేంజీ అంకెలు అందుకోవడానికి సిద్ధమై, దాదాపు 200 మిల్లీసెకన్ల సేపు ఎత్తిన స్థితిలోకి వచ్చి మళ్లీ పెట్టిన స్థితికి వెళ్తుంది. అది చూశాకే ఇవతలిది అంకెలు పంపుతుంది. కన్నుగీటడంలో సరసం, రహస్యం ధ్వనిస్తాయి. ఇక్కడ ఉన్నది కొద్దిపాటి కాలం, అంతే. దానికి ‘రెప్పపాటు’ ఉంది. నిమిషం అన్నా మొదట రెప్పపాటే, 60 సెకన్ల లెక్క తర్వాత వచ్చింది. ‘ఆరంభం’ మాత్రం వదిలేయండి. ‘రెప్పపాటు సంకేతం అందాక అంకెలు పంపే పద్ధతి’ అని మొదటిసారి విడమరిచి రాసి, తర్వాత ‘రెప్పపాటు పద్ధతి’ అని వాడుకోండి.