బోరింగ్ చేయించిన ఇంజిన్ సెల్ఫ్‌కు బరువుగా తిరుగుతోంది.. మెకానిక్‌పై కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. సొంత డీజిల్ మినీ వ్యాన్ నేనే నడుపుకుంటూ రొయ్యల గుంటలకు మేత బస్తాలు తోలుతుంటాను. పొగ ఎక్కువైందని ఒంగోలులో ఒక షెడ్డులో ఇంజిన్ దించి బోరింగ్ (అరిగిన సిలిండర్లను లోపల కోసి సరిచేయడం) చేయించాను. పిస్టన్లు, రింగులు, బేరింగులు అన్నీ కొత్తవే. 68 వేలు అయింది. 48 వేలు ఫోన్‌పే చేశాను, మిగతాది చేతికిచ్చాను. బిల్లు లేదు, ఎస్టిమేటు రాసిన చీటీ ఒక్కటే ఉంది. బండి తెచ్చినప్పటి నుంచి సెల్ఫ్ కొడితే ఇంజిన్ బరువుగా తిరుగుతోంది. బ్యాటరీ మార్చినా అంతే. ‘కొత్త పని కదా, టైటుగా ఉంటుంది, తిరగ్గా తిరగ్గా సర్దుకుంటుంది’ అన్న మెకానిక్, ఇప్పుడు ఇంకో 15 వేలిస్తేనే విప్పి చూస్తానంటున్నాడు. కావలి మెకానిక్ మనమే విప్పేద్దాం అంటున్నాడు. కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. కానీ ముందు కావలి మెకానిక్ చేతిలోని స్పానర్ కింద పెట్టించండి. ఇంజిన్ ఇంకొకరు విప్పితే ఒంగోలు మెకానిక్‌కు వాదన దొరికినట్టే. ‘నేను బాగానే బిగించాను, పాడు చేసింది వాళ్లు’ అంటాడు. దానికి తిరుగు జవాబు చెప్పే సాక్ష్యం మీ దగ్గర మిగలదు.

అలాగని చేతులు ముడుచుకుని కూర్చోమని కాదు. ఇంజిన్ విప్పకుండానే తప్పు ఎక్కడుందో చాలావరకు తేలుతుంది. లోపం లోపలే ఉండాలని కూడా లేదు. ఇంజిన్ దించి ఎక్కించినప్పుడు ఇంజిన్‌కూ ఛాసిస్‌కూ మధ్య ఉండే ఎర్త్ వైరు మర్చిపోవడం, పెయింటు మీదే బిగించేయడం షెడ్లలో జరిగే పనే. మల్టీమీటర్ ఒక కొన ఇంజిన్ బ్లాక్‌కు, ఇంకో కొన బ్యాటరీ మైనస్ కొనకు ఆనించి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటి చూపిస్తే ఎర్త్ సరిగా లేనట్టు. తర్వాత బ్యాటరీ రెండు కొనల మధ్య చూడండి. పూర్తిగా చార్జ్ అయిన బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడితే బ్యాటరీ చాలడం లేదు, లేదంటే సెల్ఫ్ మోటార్ మామూలుకన్నా ఎక్కువ కరెంటు లాగుతోంది. ఏది నిజమో క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచే మీటర్) చెబుతుంది. కరెంటు తక్కువే లాగుతూ మెల్లగా తిరిగితే వైర్లు, జాయింట్ల తప్పు. ఎక్కువ లాగుతూ మెల్లగా తిరిగితే సెల్ఫ్ మోటారైనా చెడి ఉండాలి, ఇంజినైనా లోపల బిగుసుకుని ఉండాలి. హీటర్ ప్లగ్గులు తీసేసి (అప్పుడు సిలిండర్లలో కంప్రెషన్, అంటే గాలి ఒత్తిడి, ఉండదు) క్రాంక్ పుల్లీ బోల్టుకు పొడుగు రాడ్డు వేసి చేత్తో తిప్పితే ఆ రెండింట్లో ఏదో తెలిసిపోతుంది. కంప్రెషన్ లేకపోయినా మనిషి బరువంతా వేస్తే గానీ కదలకపోతే బేరింగుల్లోనో రింగుల్లోనో తేడా ఉంది.

ఈ పరీక్షలు పక్క షెడ్డులో నోటిమాటగా చేయించొద్దు. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో డబ్బు కట్టి, జాబ్ కార్డు మీద రీడింగులన్నీ రాయించుకుని, సంతకం, ముద్ర వేయించుకోండి. ఫోన్‌లో వీడియో తీయండి. వినియోగదారుల కమిషన్‌లో ఆ వీడియో దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్, 2023 సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జత చేయాలి. మీ వకీలు రాసిపెట్టినా, అందులో ఒక భాగం మీద మీరు, రెండో భాగం మీద నిపుణుడు సంతకం చేయాలి.

ఇక బిల్లు సంగతి. బిల్లు లేదని దిగులు వద్దు. ఫోన్‌పే స్టేట్‌మెంటు, ఆ చీటీ, వాట్సాప్ మాటలు కలిపితే పని చేసినట్టూ డబ్బు తీసుకున్నట్టూ రుజువవుతుంది. పైగా నిబంధనల ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. పని సరిగా చేయకపోవడం సేవా లోపం. రెండూ ఫిర్యాదులో రాయండి.

అవతలి వకీలు మొదట ఎత్తే అభ్యంతరం ‘ఇది వ్యాపార వాహనం, ఇతను వినియోగదారుడే కాదు’ అని. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే వాడుకునే బండిని చట్టం వాణిజ్య ప్రయోజనంగా చూడదు. బండి మీరే నడుపుతున్నారు కాబట్టి ఆ ముక్క ఫిర్యాదులో స్పష్టంగా ఉండాలి. మీకు ఇంకో రెండు బండ్లు, జీతం మీద డ్రైవర్లు ఉంటే మాత్రం నాకు ముందే చెప్పండి, అప్పుడు లెక్క వేరు.

కేసు కోసం ఒంగోలు తిరగక్కర్లేదు. ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే వేసుకోవచ్చని వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 చెబుతోంది, కాబట్టి నెల్లూరు జిల్లా కమిషన్ సరిపోతుంది. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కనుక ఫీజు లేదు. వినియోగదారుల కేసుల కోసం ఉన్న ప్రభుత్వ ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గానూ వేయొచ్చు. గడువు రెండేళ్లు. మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది గానీ ఆ లెక్కన అప్పులు తీరుస్తానని ఎవరికీ మాటివ్వకండి.

అంతకుముందు ఒంగోలు మెకానిక్‌కు రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. రీడింగులు అందులో రాసి, 15 రోజుల్లో ఉచితంగా సరిచేయమని అడగండి. ఒప్పుకుంటే బండి ఇచ్చేటప్పుడు ‘ఉచిత సవరణ కోసం తీసుకున్నాను’ అని తేదీ, కిలోమీటర్లతో రాయించుకోండి. లేకపోతే పని అయ్యాక కూలి బాకీ ఉందని బండి ఆపేస్తాడు. కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 170 ప్రకారం చేసిన పనికి రావాల్సిన కూలి కోసం వస్తువును అట్టేపెట్టుకునే హక్కు మెకానిక్‌కు ఉంది. ఉచితమని కాగితం మీద ఉంటే ఆ హక్కు చెల్లదు.

ఒక్క మాట. పరీక్షలో తేలింది ఎర్త్ వైరే అయితే కేసు మానుకోండి. దానికయ్యేది కొన్ని వందలు, నెల్లూరు చార్జీలు అంతకన్నా ఎక్కువవుతాయి. వైరు వేయించుకుని, పనిలో పనిగా సెల్ఫ్ మోటార్ కూడా చూపించుకోండి. ఇంజిన్ బిగుసుకుందని తేలితే మాత్రం 68 వేలు, పరీక్షల ఖర్చు, బండి ఆగిన రోజుల కిరాయి అన్నీ అడగాలి. కిరాయి నష్టానికి మీరు తోలే గుంటల యజమానుల నుంచి నెలకు ఎన్ని ట్రిప్పులో, ట్రిప్పుకు ఎంతో రాయించి తెచ్చుకోండి.