పాత రాక్ బ్యాండ్లు కచేరీల్లో కొత్త పాటలు ఎందుకు తక్కువ వాయిస్తాయి?

టికెట్ కొన్నవాళ్లలో ఎక్కువమంది వచ్చేది పాత హిట్ల కోసమే కాబట్టి. రోలింగ్ స్టోన్స్ 2023లో కొత్త ఆల్బమ్ తెచ్చి, 2024 టూర్‌కి దాని పేరే పెట్టినా, ఒక్కో షోలో అందులోంచి వాయించినవి కొన్నే. మామూలుగా కొత్త పాటను రెండు హిట్ల మధ్య పెడతారు. మొదలు, ముగింపు పాతవాటికే.

ఐరన్ మెయిడెన్ దీనికి ఎదురెళ్లింది. 2006 టూర్‌లో అప్పుడే వచ్చిన ఆల్బమ్ మొత్తాన్ని వరుసగా వాయించింది. కొందరు అభిమానులు గొణిగారు కానీ, నాకు ఆ ధైర్యం చాలా ఇష్టం. కొత్తవి వాయించడం మానేసిన బ్యాండ్ తన పాటలకు తానే కవర్ బ్యాండ్ (వేరేవాళ్ల పాటలు వాయించే బృందం) అయిపోతుంది.

అదే మెయిడెన్ 2025లో మొదలుపెట్టిన టూర్‌కి 1992 వరకు వచ్చిన ఆల్బమ్‌ల పాటలే ఎంచుకుంది. కొత్తవీ పాతవీ ఒకే షోలో ఇరికించకుండా టూర్లవారీగా విడదీయడమే నాకు మెరుగైన పద్ధతి అనిపిస్తుంది. పైగా ఆ సంగతి ముందే ప్రకటించారు కాబట్టి, వచ్చేవాళ్లకు ఏం వినబోతున్నారో తెలుసు.