రేసు మానేసిన గ్రేహౌండ్ ఇంటికి రావాలా, వద్దా?

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మెల్‌బోర్న్‌లో ఉంటున్నారు, ఇద్దరివీ ఉద్యోగాలే, తొమ్మిదేళ్ల పాప. రేసుల నుంచి రిటైరైన గ్రేహౌండ్ జాతి కుక్కని దత్తత తీసుకుందామని మీ వారు మూడు నెలలుగా పట్టుబడుతున్నారు, పాప కూడా నాన్న వైపే, మీరొక్కరే వద్దంటున్నారు కాబట్టి ఇంట్లో మీదే రాతిగుండె అయిపోయింది. అక్టోబరులో అత్తయ్యగారు రాజమండ్రి నుంచి ఆరు నెలలకి వస్తున్నారు, అదొక టెన్షన్. ఇంత రాసి, చిన్నప్పుడు వీధికుక్క కరిచి బొడ్డు చుట్టూ ఇంజెక్షన్లు వేయించుకున్న సంగతి ఒక్క ముక్కలో చెప్పి దాటేశారు.

ఆ ముక్క మీ వారికి ఎప్పుడైనా చెప్పారా? ఉత్తరం చూస్తే చెప్పలేదనే అనిపిస్తోంది. అద్దె ఇల్లు అన్నారు, వెంట్రుకలు రాలతాయన్నారు, ఆయన ఒక్కోదానికీ జవాబు వెతికి తెచ్చారు. అద్దె సంగతిలో ఆయన మాట నిజమే, మీ విక్టోరియా రాష్ట్రంలో 2020 మార్చి నుంచి సరైన కారణం లేకుండా ఓనరు పెంపుడు జంతువుని కాదనడం కుదరదు. వెంట్రుకలు కూడా వీటికి పొట్టివే. ఇలా ఒక్కో కారణం పోతూ ఉంటే ఆయనకి మీరు ఊరికే మొండికేస్తున్నట్టు కనిపిస్తారు. పాప పడుకున్నాక ఈ రాత్రే కూర్చుని ఆ కుక్క కరిచిన రోజు గురించి మొత్తం చెప్పండి.

ఇక కుక్క గురించి. 'వేటకుక్క కదా, రోజంతా పరిగెత్తించాలేమో' అని రాశారు. అది కాదమ్మా. గంటకి డెబ్బై కిలోమీటర్ల దాకా పరిగెత్తే జంతువే, కానీ ఐదొందల మీటర్ల రేసు అర నిమిషంలో అయిపోతుంది, మిగతా రోజంతా నిద్రే. రోజుకి రెండుసార్లు నడిపిస్తే చాలు, ఆ తర్వాత మీ సోఫా దానిదే. మనుషులతో చాలావరకు నెమ్మదిగా ఉండే జాతి ఇది. విక్టోరియాలో దత్తతకి ఇచ్చే ముందు స్వభావం పరీక్షిస్తారు, 2019 నుంచి బయట మూతికి చిక్కం కట్టాలన్న నిబంధన కూడా లేదు. బెల్టు మాత్రం వదలకూడదు. పిల్లి, కుందేలు లాంటివి కంటపడితే చాలా గ్రేహౌండ్లు ఆగవు, మీరు ఎంత పిలిచినా వినిపించదు. పక్కింట్లో పిల్లి ఉందన్నారు కాబట్టి కంచె ఎత్తు చూసుకోండి.

మీ పాప విషయంలో నేను భయపడేది ఒకే ఒక్క చోట, ఆ కుక్క నిద్రపోతున్నప్పుడు. ఈ కుక్కలు దేని కెన్నెల్లో, అంటే దేని గూట్లో, అది విడిగా పడుకుని పెరుగుతాయి, నిద్రలో ఎవరూ ముట్టుకుని ఎరగవు, ఉలిక్కిపడితే గుర్రుమంటాయి, ఒక్కోసారి కరవనూవచ్చు. పడుకున్న కుక్కని వాటేసుకోకూడదు, దూరం నుంచి పేరు పెట్టి పిలవాలి. తొమ్మిదేళ్ల పిల్లకి ఇది అర్థమవుతుంది, అయినా మొదట్లో రోజూ గుర్తు చేస్తూనే ఉండాలి.

ఇక్కడే మీ అసలు కష్టం మొదలవుతుంది. ఎవరు గుర్తు చేస్తారు? రెండు మూడేళ్ల వయసులో వచ్చిన కుక్క ఇంకో పదేళ్ల దాకా బతకొచ్చు. అది ఇంతవరకు ఇంట్లో పెరిగిన జంతువు కాదు, మెట్లు తెలియవు, అద్దాల తలుపు తెలియదు, ఒంటరిగా వదిలితే కొన్ని బెంగపడి ఏడుస్తాయి. ఒంట్లో కొవ్వు తక్కువ కాబట్టి మెల్‌బోర్న్ చలికి దానికి కోటు తొడగాలి. పళ్లు చాలావాటికి పాడైపోయి ఉంటాయి, మత్తుమందు కొన్ని రకాలు పడవు, ఈ జాతి సంగతి తెలిసిన డాక్టరే కావాలి. మన వంటింట్లో ఉల్లిపాయ, వెల్లుల్లి, పాయసంలో కిస్‌మిస్ దానికి విషం. రెండేళ్లకోసారి ఐదు వారాలు ఇండియా వస్తారు, అప్పుడు ఎక్కడ ఉంచుతారు? ఈ పనులన్నీ ఒక కాగితం మీద రాసి ఎదురుగా పేర్లు రాయమని మీ వారికి ఇవ్వండి. వారంలో మీరు ఆఫీసుకి వెళ్లే మూడు రోజుల ఎదురుగా ఎవరి పేరూ లేకపోతే ఆ పని మీ మీదే పడుతుంది, అది మీకూ తెలుసు.

నా మాట ఏంటంటే, ఇప్పుడే దత్తత వద్దు. కొన్ని వారాలు ఫోస్టర్‌గా, అంటే తాత్కాలికంగా చూసుకోవడానికి, తెచ్చుకోండి, ఆ ఏర్పాటు ఉంటుంది, దత్తత ఇచ్చేవాళ్లని అడగండి. ఇది చుట్టపుచూపుగా వచ్చిన కుక్క, వెళ్లిపోతుంది అని పాపకి ముందే చెప్పాలి, లేకపోతే తిరిగి ఇచ్చే రోజు తట్టుకోలేదు. అత్తయ్యగారికి ఇప్పుడే ఫోన్‌లో చెప్పండి. గ్రేహౌండ్స్ అంటే ఆవిడకి మన పోలీసు దళం గుర్తొస్తుందేమో, ఒక వీడియో చూపించండి. ఆవిడ మడి, పూజగది ఆవిడకి ముఖ్యం, కుక్కని అలవాటు చేసుకోమని ఆ వయసులో ఆవిడని ఇబ్బంది పెట్టడం నాకు నచ్చదు. కొత్త కుక్కకి కూడా ఇల్లు కుదురుగా ఉండాలి. అందుకే దత్తత సంగతి ఆవిడ వచ్చి వెళ్లాక, ఏప్రిల్లో తేల్చుకోండి.

ఫోస్టర్ వారాలు గడిచాక కూడా అది పక్కకొచ్చి నిలబడితే మీ అరచేతులకి చెమట పడుతుంటే, వద్దని చెప్పండి. కారణాలు వెతుక్కోనక్కర్లేదు. ఆ మాట పాపకి చెప్పాల్సింది మాత్రం మీరు కాదు, మీ వారు.