ఆర్‌ఎఫ్ ప్లాస్మాకి సైన్ వేవ్ ఇచ్చినా కరెంట్ ఎందుకు గతుకులుగా వస్తోంది?

మీరు అడిగినవి రెండు. 13.56 మెగాహెర్ట్జ్ ఆర్‌ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) సైన్ వేవ్ ఇస్తున్నా ఆర్గాన్ డిశ్చార్జ్‌లో, అంటే ఆ గ్యాస్‌తో వెలిగించిన ప్లాస్మాలో, కరెంట్ గతుకులుగా వస్తోంది, జనరేటర్ పాడైందా? ఎవరూ ఇవ్వని నెగెటివ్ డీసీ ఎలక్ట్రోడ్ మీద ఎక్కడిది? ఇలా రెండు ఎలక్ట్రోడ్ల మధ్య ఆర్‌ఎఫ్ వోల్టేజ్‌తో వెలిగించే కెపాసిటివ్ డిశ్చార్జ్‌ల మీద కొన్నేళ్లుగా పనిచేస్తున్నాను. నా అనుభవంలో ఈ రెండూ ఉంటే ప్లాస్మా మామూలుగానే ఉన్నట్టు. నమ్మకం కుదరకపోతే జనరేటర్‌ని 50 ఓమ్‌ల డమ్మీ లోడ్‌కి (ప్లాస్మా బదులు పెట్టే ఉత్త రెసిస్టర్) కలిపి చూడండి. అక్కడ సైన్ వేవ్ శుభ్రంగా ఉంటే జనరేటర్‌ని వదిలేయండి.

అసలు సంగతంతా షీత్‌లో ఉంది. ఎలక్ట్రోడ్‌ని ఆనుకుని, ఎలక్ట్రాన్లు దాదాపు లేని పలుచని పొర అది. ఆర్గాన్ అయాన్ ఎలక్ట్రాన్ కంటే సుమారు 73,000 రెట్లు బరువు. ఈ ఫ్రీక్వెన్సీలో ఎలక్ట్రాన్లు ఊగుతాయి, అయాన్లు సగటు ఫీల్డ్‌కే కదులుతాయి. దాంతో ప్రతి సైకిల్లోనూ షీత్ మందం పెరిగి తగ్గుతుంది. సర్క్యూట్ లెక్కలో ఇదొక కెపాసిటర్, కాకపోతే దాని మందాన్ని అది మోసే ఛార్జే మారుస్తోంది. అయాన్ సాంద్రత అంతటా ఒకేలా ఉందనుకుంటే షీత్ వోల్టేజ్ ఛార్జ్ వర్గానికి అనులోమంగా ఉంటుంది. వర్గం ఉన్నచోట రెండో హార్మోనిక్, అంటే రెట్టింపు ఫ్రీక్వెన్సీ 27.12 మెగాహెర్ట్జ్, తప్పదు.

నాకు చాలా ఇష్టమైన విషయం ఒకటుంది. రెండు ఎలక్ట్రోడ్లూ సమానంగా ఉంటే ఒక షీత్ పెరిగేటప్పుడు రెండోది తగ్గుతుంది, ఆ లెక్కలో వర్గపు పదాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మామూలు రియాక్టర్లో చాంబర్ గోడలు కూడా గ్రౌండ్‌లో కలిసిపోతాయి కాబట్టి సౌష్ఠవం ఉండదు, హార్మోనిక్స్ మిగిలిపోతాయి. ప్రెషర్ తక్కువైతే ఇంకోటి కలుస్తుంది: ప్లాస్మా మధ్యభాగంలోని ఎలక్ట్రాన్ల జడత్వం ఇండక్టర్‌లా పనిచేసి షీత్ కెపాసిటెన్స్‌తో రెజొనెన్స్‌లోకి వెళ్తుంది. మీరు చూస్తున్న సన్నని గతుకులు చాలావరకు అవే అయ్యుంటాయి.

ఇక డీసీ. జనరేటర్‌కీ ఎలక్ట్రోడ్‌కీ మధ్య డీసీని ఆపే బ్లాకింగ్ కెపాసిటర్ ఉన్నందువల్ల ఒక సైకిల్ మొత్తం మీద నికర కరెంట్ సున్నా కావాలి. ఎలక్ట్రాన్లు చురుకైనవి కాబట్టి, అవి ఎక్కువగా చేరకుండా ఆపేంతవరకు చిన్న ఎలక్ట్రోడ్ నెగెటివ్‌లోకి దిగుతుంది. సెల్ఫ్ బయాస్ అంటే అదే.

కొలత విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. రిఫ్లెక్టెడ్ పవర్ (జనరేటర్‌కి తిరిగొచ్చే పవర్) సున్నా కనిపించినంత మాత్రాన పవరంతా ప్లాస్మాకి చేరినట్టు కాదు, ప్లాస్మాని జనరేటర్‌కి 50 ఓమ్‌లుగా కనిపించేలా చేసే మ్యాచింగ్ బాక్స్ కాయిల్‌లోనే కొంత వేడైపోతుంది. అందుకే వోల్టేజ్, కరెంట్ ప్రోబులు మ్యాచింగ్ బాక్స్ దాటాక, ఎలక్ట్రోడ్‌కి దగ్గరగా పెట్టండి. అక్కడ వోల్టేజ్‌కీ కరెంట్‌కీ మధ్య ఫేజ్ తేడా 90 డిగ్రీలకి దగ్గర్లో ఉంటుంది. 85 బదులు 86 అని చదివితే పవర్ లెక్క 20 శాతం తగ్గిపోతుంది. మామూలు కోయాక్స్ కేబుల్‌లో ఒక డిగ్రీ అంటే సుమారు 4 సెంటీమీటర్లే. కాబట్టి రెండు ప్రోబ్ కేబుళ్లూ ఒకే పొడవుండాలి. నేనైతే ముందు ప్లాస్మా వెలిగించకుండా, హై వాక్యూమ్‌లో తక్కువ వోల్టేజ్ ఇస్తాను. అప్పుడు చాంబర్ ఉత్త కెపాసిటర్, ఫేజ్ దాదాపు 90 రావాలి. రాకపోతే ఆ తేడా ప్రోబులదే, దాన్ని సరిచేశాకే గ్యాస్ వదులుతాను.

ప్రోబ్ మీద రాసిన గరిష్ఠ వోల్టేజ్ తక్కువ ఫ్రీక్వెన్సీకే వర్తిస్తుంది, 13.56 దగ్గర అది బాగా పడిపోతుంది. డేటాషీట్‌లో డీరేటింగ్ కర్వ్ (ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఆ గరిష్ఠం ఎంత తగ్గుతుందో చూపే గ్రాఫ్) చూడకుండా తగిలించకండి.