రెండు ఆసుపత్రుల మధ్య డ్రోన్ నడపబోతున్న అమ్మాయికి

అమ్మాయీ,

రక్తం, మందులు, శాంపిళ్లు డ్రోన్ మీద పంపే పని నీకు అప్పగించారని తెలిసి చాలా సంతోషించాను. ఏ డ్రోన్ కొనాలని అడిగావు. ఆ మాట కొన్నాళ్లు పక్కన పెట్టు. ముందు ఒక వాచీ, ఒక నోటుబుక్కు పట్టుకుని బ్లడ్ బ్యాంకులో కూర్చో. ఫోన్ మోగింది ఎప్పుడు, సంచి ఫ్రిజ్‌లోంచి తీసింది ఎప్పుడు, పెట్టె మూత వేసింది ఎప్పుడు, బండి కదిలింది ఎప్పుడు, అవతల సంతకం పెట్టింది ఎప్పుడు, ఈ ఐదూ రాసుకో. యాభై సార్లు రాసి కూడిక వేస్తే ఆలస్యం రోడ్డు మీద జరుగుతోందో, కాగితాల దగ్గరా లిఫ్టు దగ్గరా జరుగుతోందో నీకే తెలిసిపోతుంది. డ్రోన్ తగ్గించేది రోడ్డు మీది నిమిషాలనే. మిగతావి మనుషులు తగ్గించాలి.

వేగం ఒక్కటే లాభం అనుకోకు. రువాండాలో జిప్‌లైన్ సంస్థ 2016 అక్టోబరులో డ్రోన్లతో రక్తం పంపడం మొదలుపెట్టింది. ఆ పనిని పరిశీలించి 2022లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అనే వైద్య పత్రికలో వేసిన అధ్యయనం ప్రకారం, సరుకు సగటున 49.6 నిమిషాల్లో చేరింది. నాకు అంతకన్నా పెద్దగా కనిపించేది ఇంకొకటి: గడువు తీరి పారబోసే రక్తం ఏడాది తిరిగేసరికి 67 శాతం తగ్గింది. అడిగిన వెంటనే వస్తుందన్న నమ్మకం కుదిరితే చిన్న ఆసుపత్రి అరుదైన గ్రూపులు దాచిపెట్టుకోనక్కర్లేదు. నిల్వంతా ఒకేచోట ఉంచి, కావాల్సినప్పుడు కావాల్సినంతే పంపవచ్చు. నీ లెక్కల్లో ఈ పారబోత కాలమ్ మొదటి రోజు నుంచే ఉండాలి.

ఇక బరువు. ఎర్రకణాల సంచి ఒక్కోటి సుమారు 350 గ్రాములు. రెండు సంచులు 700, చల్లబరిచే ప్యాక్‌లు 800, పెట్టె, లోపలి కవర్లు, దారిపొడవునా ఉష్ణోగ్రత రాసుకునే లాగర్ కలిపి 500. రెండు సంచుల రక్తం పంపాలంటే రెండు కిలోలు మోయాలన్నమాట. "రెండు కిలోలు మోస్తుంది" అని అమ్మేవాళ్లు చెబితే, ఆ బరువుతో ఎంత దూరం, ఎంత గాలిలో అని అడుగు. ఖాళీగా ఎగిరే దూరం నీకు పనికిరాదు.

నా దృష్టిలో ఈ పని నిలిచేదీ పడిపోయేదీ పెట్టె దగ్గరే. ఎర్రకణాలను 2 నుంచి 6 డిగ్రీల మధ్య నిల్వ చేస్తాం, ప్రయాణంలో 10 దాటనివ్వం. ప్లేట్‌లెట్లకు 20 నుంచి 24 కావాలి, ఐస్ దగ్గరికే రానివ్వకూడదు. ప్లాస్మా మైనస్ 18 లేదా అంతకన్నా చల్లగా గడ్డకట్టే ఉండాలి. చాలా వ్యాక్సిన్లకు 2 నుంచి 8. అందుకని ఒక్కో ఉష్ణోగ్రతకు ఒక్కో పెట్టె. తొందర ఎంత ఉన్నా ప్లేట్‌లెట్లనూ ఎర్రకణాలనూ ఒకే పెట్టెలో పెట్టొద్దు.

ఎండకు భయపడి అందరూ చేసే తప్పు, డీప్ ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్ ప్యాక్‌ను నేరుగా సంచికి ఆనించడం. ఆ ప్యాక్ మైనస్ 20 దగ్గర ఉంటుంది. ఆనిన చోట రక్తం గడ్డకట్టి కణాలు పగిలిపోతాయి. చేరేసరికి సంచి పైకి మామూలుగానే కనిపించవచ్చు, కానీ అది రోగికి ఎక్కించదగ్గది కాదు. అల్యూమినియం కలిసిన వ్యాక్సిన్లు కూడా ఒకసారి గడ్డకడితే పనిచేయవు. కాబట్టి ప్యాక్‌ను బల్ల మీద పెట్టి, చెవి దగ్గర ఊపి చూడు. లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినిపించాకే పెట్టెలోకి. అప్పటికి అది సున్నా డిగ్రీలకు వచ్చినట్టు. అప్పుడు కూడా ప్యాక్‌కూ సంచికీ మధ్య పలచటి ఫోమ్ షీటు వెయ్యి. డబ్బు ఉంటే 5 డిగ్రీల దగ్గర కరిగే ప్రత్యేక ప్యాక్‌లు కొను, ఈ బాధే ఉండదు. లాగర్ సెన్సర్‌ను పెట్టె గోడకు అంటించకు, రెండు సంచుల మధ్యన దూర్చు. గోడ చెప్పే లెక్క రక్తానిది కాదు.

శాంపిళ్లకు మూడు పొరలు తప్పనిసరి. కారని ట్యూబు, దాని చుట్టూ కారని రెండో కవరు, ఆ పైన గట్టి పెట్టె. ట్యూబుకూ కవరుకూ మధ్య, ట్యూబులన్నీ పగిలినా మొత్తం ద్రవాన్ని పీల్చుకునేంత దూది లేదా పీల్చే కాగితం ఉండాలి. పైన డైమండ్ గుర్తులో యూఎన్ 3373 అని ఉండాలి, ఇలాంటి శాంపిళ్లకు వేసే గుర్తు అది. ఈ తరహా ప్యాకింగ్ 1.2 మీటర్ల ఎత్తు నుంచి పడేసినా తట్టుకోవాలని నియమం.

డ్రోన్ కుదుపులకు రక్తం పాడవుతుందేమోనని ల్యాబ్ వాళ్లు అడుగుతారు. అడగడం న్యాయమే. 2017లో వెలువడిన ఒక అమెరికా పరీక్షలో, అరిజోనా ఎడారిలో శాంపిళ్లను మూడు గంటలు, 258 కిలోమీటర్లు ఎగరేశారు. ఎక్కువ పరీక్షల ఫలితాలు నేల మీద ఉంచిన ట్యూబులతో సరిపోయాయి. గ్లూకోజ్, పొటాషియం మాత్రం తేడా చూపించాయి. ఎగిరిన ట్యూబులు చల్లగా, నేల మీద ఉంచినవి వెచ్చగా ఉండటమే దానికి కారణం. మళ్లీ పెట్టె దగ్గరికే వచ్చాం, చూశావా? నువ్వు కూడా ఒకే మనిషి దగ్గర రెండు ట్యూబులు తీయించు. ఒకటి ఎగరనీ, రెండోది అదే చల్లదనంలో ఉంచు. రెండు ఫలితాలూ పక్కపక్కన పెట్టి ల్యాబ్ పెద్దల చేత సంతకం చేయించుకో.

గాలి లెక్క చేత్తో వేయడం నేర్చుకో. డ్రోన్ వేగం సెకనుకు 15 మీటర్లు, దూరం 12 కిలోమీటర్లు అనుకుందాం. గాలి లేకపోతే పోవడానికి 13 నిమిషాల పైన, రానూపోనూ 27. ఎదురుగాలి సెకనుకు 7 మీటర్లు ఉంటే నేల మీద మిగిలే వేగం 8 మాత్రమే, ఒక్క పోకకే 25 నిమిషాలు. వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోసి 9 నిమిషాల్లో తెచ్చినా, మొత్తం 34. వెనకగాలి ముందు పోగొట్టిందంతా తిరిగి ఇవ్వదు. ఇంకో సంగతి. ఇదే లెక్కలో వెనకగాలితో బయల్దేరిన డ్రోన్ 3.2 కిలోమీటర్లు దాటిందంటే, వెనక్కి రావడం కన్నా ముందుకు వెళ్లడమే త్వరగా అవుతుంది. సగం దారి దాకా వెనక్కి రావచ్చన్న లెక్క ఇక్కడ తప్పు. దారి పొడవునా మనుషులు తిరగని దిగుడు చోట్లు రెండో మూడో ముందే ఎంచిపెట్టుకో.

సిగ్నల్ తెగితే డ్రోన్ తనంతట తానే ఇంటికి తిరిగొస్తుంది, ఆ తిరిగొచ్చే ఎత్తు సెట్ చేసే దగ్గర చాలామంది పొరబడతారు. ఎక్కువ డ్రోన్లు ఎత్తును బయల్దేరిన చోటు నుంచి లెక్కపెడతాయి. ఆ ఎత్తు 60 మీటర్లని పెట్టావనుకో, 25 మీటర్ల మేడ మీద నుంచి లేస్తే అది నేల నుంచి 85. అదే సెట్టింగుతో అవతలి ఆసుపత్రి నేల మీద నుంచి లేస్తే అది 60 మాత్రమే. దారిలో 70 మీటర్ల టవర్ ఉంటే పోయేటప్పుడు దాటుతుంది, వచ్చేటప్పుడు తగులుతుంది. రెండు చివరలకూ వేర్వేరుగా సెట్ చెయ్యి. అలాగని ఎత్తు ఇష్టమొచ్చినట్టు పెంచలేవు, చాలా దేశాల్లో నేల నుంచి 120 మీటర్లే హద్దు. నెలకోసారి ఆ దారంతా నేల మీద తిరిగి చూడు. కొత్తగా లేచిన కట్టడమో క్రేనో ఏ మ్యాప్‌లోనూ ఉండదు. కంటికి ఆనని దూరానికి ఎగరేయడానికి వేరే అనుమతి కావాలి. ఆ అర్జీ అన్నిటికన్నా ముందు పెట్టు.

బ్యాటరీ విషయంలో మొండిగా ఉండు. దిగేసరికి 30 శాతం మిగలని ప్రయాణాన్ని రాసి పెట్టి, ఎందుకైందో వెతుకు. లిథియం పాలిమర్ సెల్ నిండితే 4.2 వోల్టులు. రెండు రోజులు వాడేది లేకపోతే 3.8 దగ్గర ఉంచు. సున్నా డిగ్రీల కింద ఛార్జి పెట్టకు. ఉబ్బిన బ్యాటరీ ప్యాక్‌ను ఆ రోజే తీసేయి. ప్రతి ప్యాక్‌కూ నంబరు రాయి.

మేడ మీద దిగుడు గద్దె కట్టేవాళ్లకు స్లాబులో ఇనుము ఉందని గుర్తుచెయ్యి. అది డ్రోన్‌లోని దిక్సూచిని తప్పుదారి పట్టిస్తుంది. దిక్సూచి సరిచేయడం ఎప్పుడూ ఇనుముకు దూరంగా చెయ్యి, గద్దెను కాస్త ఎత్తు మీద కట్టించు. ఏసీల వేడి గాలి బయటికొచ్చే చోటూ, పిట్టగోడ అంచూ వద్దు, అక్కడ గాలి సుడి తిరుగుతుంది. ఆక్సిజన్ ట్యాంకు దరిదాపుల్లో అసలే వద్దు. హెలికాప్టర్ దిగే ఆసుపత్రి అయితే దాని పైలట్లకూ నీకూ మధ్య ఫోన్ లైను ఉండాలి, వాళ్లు వస్తుంటే నీ డ్రోన్ నేల మీదే.

అవతల "సిద్ధం" అన్న మాట వినకుండా డ్రోన్ లేపకు. రెక్కలు పూర్తిగా ఆగాకే దగ్గరికి వెళ్లాలి. తీసుకున్న నర్సు సంచి నంబరు, గ్రూపు, గడువు, లాగర్ అంకె చూసి, టైము వేసి సంతకం పెట్టాలి. లాగర్ హద్దు దాటిందని చూపిస్తే ఎవరు ఎంత బతిమాలినా ఆ సంచి పక్కకే.

పడిపోతుంది, ఒకరోజు తప్పక పడిపోతుంది. ఆ రోజుకు ఒక సంచి సర్ది ఉంచు: మందపాటి గ్లౌజులు, పీల్చే గుడ్డలు, 0.5 శాతం క్లోరిన్ ద్రావణం, ఇసుక, ప్లాస్టిక్ డబ్బా. ముందు బ్యాటరీ పొగ వస్తోందేమో చూడాలి, జనాన్ని దూరం పంపాలి, ఆ తర్వాతే రక్తం. ఒలికిన చోట గుడ్డ కప్పి ద్రావణం పోసి పది నిమిషాలు ఆగాలి. పెట్టె మీద నీ ఫోన్ నంబరు, "తెరవకండి" అన్న మాట ఆ దారిలోని వాళ్లు చదివే భాషలో రాయించు.

2019 ఏప్రిల్ 19న బాల్టిమోర్‌లో మొదటిసారి కిడ్నీని డ్రోన్ మీద పంపి రోగికి అమర్చారు. ఎగిరింది సుమారు పది నిమిషాలే. అంతకుముందు అదే డ్రోన్ మీద సెలైన్ పంపారు, రక్తపు ట్యూబులు పంపారు, అమర్చడానికి పనికిరాని కిడ్నీని పంపి చూశారు. డ్రోన్‌కు అదనపు మోటార్లు, రెండో బ్యాటరీ, పారాచూట్ పెట్టారు. నువ్వు కూడా ఆ వరసలోనే నడువు. మొదట సెలైన్ సంచులు, తర్వాత ఆలస్యమైనా ఫర్వాలేని శాంపిళ్లు, ఆ తర్వాతే రక్తం. రక్తం మొదలైన మొదటి నెల, డ్రోన్ లేచిన ప్రతిసారీ అదే గ్రూపు సంచితో రోడ్డు మీద ఒక బండిని కూడా పంపు. అనవసరపు ఖర్చని ఎవరైనా అంటే, ఆ నెల మాత్రం వినకు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ