స్కాట్లండ్ సరస్సు ఒడ్డున గడ్డి మీది తెల్లటి మంచు ఫొటోలో బూడిద రంగులో ఎందుకు వస్తోంది?

కెమెరాలో లోపమేమీ లేదు. దేన్ని చూసినా మధ్యస్థ బూడిద రంగే అనుకుని లెక్క కట్టడం దానిలోని వెలుతురు కొలిచే మీటరు అలవాటు, అందుకే తెల్లటి మంచుని మసకబారుస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో వెలుగుని పెంచే, తగ్గించే సెట్టింగు) +0.7 నుంచి +1 దాకా పెంచండి. హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగు ఎలా పరుచుకుందో చూపే గ్రాఫు) కుడి అంచుకి గుద్దుకోకుండా చూసుకుంటే చాలు.

లాఖ్ ఆర్డ్ లాంటి చోట (అక్కడ సరస్సుని లాఖ్ అంటారు) డిసెంబరు చివర్లో సూర్యోదయం దాదాపు 8:45కి. నాలుగింటికే లేవాలన్న టెన్షన్ అక్కర్లేదు! గాలి లేని చలి రాత్రి గడిచాక, పైనున్న గాలికంటే నీరు వెచ్చగా ఉంటుంది కాబట్టి పొగమంచు లేస్తుంది. ఎండెక్కితే అది కరిగిపోతుంది, ఆలోపే తీసేయాలి. పోలరైజర్ (మెరుపుల్ని తగ్గించే లెన్స్ ఫిల్టర్) వాడితే చూసి తిప్పండి, నీళ్లలో కొండ నీడని మింగేస్తుంది. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, రెండోది లోపలి జేబులో ఉంచుకోండి.